బరువు పెరుగుతున్న ఇంట్లో ఎవరి వంతు ఎంత: తేల్చుకుని పని మొదలుపెట్టే పద్ధతి

ఇంట్లో ఒకరి బరువు పెరగడం మొదలైతే చుట్టూ ఉన్నవారి నోట మొదట వచ్చే మాట "కాస్త నోరు కట్టుకోవాలమ్మా" అన్నదే. ఆ మాటలో అబద్ధం లేదు గానీ పద్ధతి కూడా లేదు. ఏ పూట ఏ పదార్థం ఎంత తగ్గించాలో, దాన్ని కొనేది ఎవరో, వండేది ఎవరో, రోజంతా కుర్చీలో కూర్చోబెట్టే ఉద్యోగాన్ని ఏం చేయాలో ఆ మాట చెప్పదు. విన్న మనిషి రెండు వారాలు అన్నం మానేసి, మూడో వారానికి నీరసపడి, నాలుగో వారానికి మళ్లీ మొదటికి వచ్చి, "నా వల్ల కాదు" అని కూర్చుంటారు. మా అక్క పదిహేనేళ్ల పాటు ఇలాగే అవస్థపడింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఇద్దరు పిల్లలకు, భర్తకు, అత్తమామలకు వేర్వేరు వేళల్లో వండిపెట్టి బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లే మనిషిని సోమరి అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. అయినా బంధువులు అన్నారు, ఒకసారి వైద్యుడి గదిలో కూడా ఆ మాటే వినవలసి వచ్చింది. ఆమె కోసం మేము ఇంట్లో కూర్చుని వేసుకున్న లెక్కలే ఈ వ్యాసానికి మూలం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మనవాళ్లు "బాధ్యత" అన్న మాటను "తప్పు" అన్న అర్థంలో వాడుతున్నారు. బాధ్యత అంటే చేయవలసిన పని. పని అన్నాక వంతులుంటాయి: మనిషి వంతు కొంత, ఇంటి వంతు కొంత, బడి, ఆఫీసు, దుకాణం, ప్రభుత్వం కలిపి మోయవలసిన వంతు కొంత. ఎవరి వంతు ఎంతో తేలితే పని మొదలవుతుంది.

కారణాలను ఉన్నవి ఉన్నట్టుగా చూడండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె, 25గానీ అంతకు పైనగానీ ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 36 శాతం, తెలంగాణలో 30 శాతం ఉన్నారు. అంతకు ముందు విడతలో, 2015–16లో, దేశం మొత్తానికి ఆ అంకె 21 శాతం దగ్గర ఉండేది. నాలుగైదేళ్లలో ఇన్ని కోట్ల మందికి ఒక్కసారిగా నిగ్రహం సడలిపోయిందనుకోవడంలో అర్థం లేదు. మారినది వారి చుట్టూ ఉన్న బతుకు.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే గట్టి ఆధారం, 2010లో ఫలితాలు వెలువడిన ఒక భారతీయ వలస అధ్యయనం. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోని కర్మాగారాల్లో పనిచేసేవారిని తీసుకుని, పల్లె నుంచి వలస వచ్చినవారిని ఊళ్లోనే ఉండిపోయిన వారి సొంత తోబుట్టువులతో పోల్చారు. పురుషుల్లో ఊబకాయం పల్లెలో ఉన్నవారిలో సుమారు 19 శాతం, వలస వచ్చినవారిలో సుమారు 38 శాతం, నగరంలోనే పుట్టి పెరిగినవారిలో సుమారు 42 శాతం కనిపించింది. ఒకే తల్లి చేతి ముద్ద తిన్న అన్నదమ్ముల్లో ఒకరు ఊళ్లో ఉండి, ఒకరు పట్నం వస్తే, వచ్చినవారిలో ఊబకాయం రెట్టింపయింది. మనిషి గుణం బస్సెక్కగానే మారిపోదు; మారినవి పని, తిండి, నడక, నిద్ర. అయితే ఈ అంకెలకు ఇంకో వైపు కూడా ఉంది. వలస వచ్చిన వందమందిలో అరవై మందికి పైగా ఊబకాయులు కాలేదు. పరిసరం ఎంత బలమైనదైనా మనిషి చేతిలో కొంత మిగిలే ఉంటుంది, ఆ కొంత ఎక్కడుందో వెతకడమే ఈ వ్యాసం పని.

తిండి స్వభావం ఎంత తేడా తెస్తుందో 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం చూపింది. ఇరవై మందిని పరిశోధనశాలలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో అతిగా శుద్ధిచేసిన ఆహారం, మరో రెండు వారాలు మామూలు దినుసులతో వండిన ఆహారం పెట్టారు. రెండింటిలోనూ ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత తినాలనిపిస్తే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి ఉన్న వారాల్లో వారు తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. రెండో రకం తిండితో దాదాపు కిలో తగ్గారు. మనుషులు వారే, నిగ్రహం అదే.

తగ్గిన బరువు నిలవకపోవడానికీ శరీరంలో కారణముంది. బరువు తగ్గినవారిలో ఆకలిని పెంచే హార్మోన్లు ఏడాది గడిచినా పూర్వపు స్థాయికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. అందుకే పది కిలోలు తగ్గి ఎనిమిది కిలోలు మళ్లీ పెరిగిన మనిషిని మాట అనేముందు, ఆ మనిషి నెలల తరబడి ఎంత ఆకలితో రోజులు గడుపుతోందో ఆలోచించాలి.

మొదటి పని: కొలవడం

బరువు యంత్రం కంటే ముందు కొలత టేపు తీయండి. దర్జీలు వాడే టేపు సరిపోతుంది. నిలబడి, పక్కటెముకల్లో చివరి ఎముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపును నేలకు సమాంతరంగా చుట్టి, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత చదవండి. పొట్ట లోపలికి లాక్కోకూడదు, టేపు చర్మంలోకి దిగేలా బిగించకూడదు. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు హద్దు. చాలామంది ప్యాంటు సైజునే నడుము కొలత అనుకుంటారు. ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది కాబట్టి ఆ అంకె తక్కువే చూపిస్తుంది.

తరువాత బీఎంఐ. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వస్తుంది. మన జనానికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని భారతీయ వైద్యనిపుణులు 2009లోనే నిర్ణయించారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఆ హద్దులు దాదాపు 59 కిలోలు, 64 కిలోలు అవుతాయి. పాశ్చాత్యుల కంటే మనకు హద్దు ఎందుకు తగ్గించారంటే, అదే బీఎంఐ దగ్గర మన శరీరంలో కొవ్వు ఎక్కువగా, ముఖ్యంగా పొట్టలో, చేరుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇద్దరూ 2004లో తమ తమ శరీరాలనే పోల్చి చూపారు: ఇద్దరి బీఎంఐ 22.3 కాగా, ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21 శాతం. కాబట్టి "సన్నగానే ఉన్నాడు, పొట్ట ఒక్కటే కాస్త వచ్చింది" అన్న మాటతో సరిపెట్టుకోకండి.

ఈ అంకెలు చేతిలో పెట్టుకుని ఒక్కసారి వైద్యుడిని కలవడం మంచిది. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆ మనిషి వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. థైరాయిడ్ లోపం, అండాశయ నీటితిత్తుల సమస్య, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కూడా కారణాలవుతాయి. మందు వల్ల బరువు పెరుగుతోందని అనుమానం వస్తే దాన్ని సొంతంగా ఆపేయకూడదు, ముఖ్యంగా స్టెరాయిడ్లను. మార్చగలరేమో వైద్యుడినే అడగాలి. మీరు చెప్పేది వినకుండా, కొలతలు చూడకుండా "తిండి తగ్గించండి" అని ఒక్క ముక్కలో పంపేస్తే మరొకరి దగ్గరకు వెళ్లండి.

రెండో పని: మూడు వంతుల పుస్తకం

రెండు వారాల పాటు తిన్నదీ తాగినదీ ఒక నోటుపుస్తకంలో రాయండి. కేలరీలు కట్టనవసరం లేదు. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, ఎక్కడ, అది ఎవరి నిర్ణయం, ఇంతే. ఆ చివరి గడే కీలకం. పక్కన "నాది", "ఇంటిది", "బయటిది" అని మూడింటిలో ఒకటి రాయాలి. ఆకలి లేకపోయినా ఫోను చూస్తూ తిన్న కారప్పూస నాది. రాత్రి తొమ్మిదిన్నరకు గానీ భోజనాలు మొదలు కాకపోవడం ఇంటిది. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీనులో పూరీ, ఫ్రైడ్ రైస్ తప్ప మరొకటి దొరకకపోవడం బయటిది.

అక్క పుస్తకంలో మేము ఊహించనిది ఒకటి బయటపడింది. ప్రతి రాత్రీ అందరి భోజనాలు అయ్యాక, గిన్నెల్లో మిగిలినదంతా ఆమె వంటగది గట్టు దగ్గర నిలబడే తినేసేది. పిల్లలు వదిలేసిన పెరుగన్నం, అడుగున మిగిలిన పప్పు, రెండు అప్పడాలు. పారేస్తే పాపమని, ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు ఎవరూ ముట్టరని. అడిగితే "నేను రాత్రి సరిగ్గా భోంచేయనే లేదు" అనేది, అది ఆమె నిజంగా నమ్మిన మాట. కూర్చుని విస్తట్లో తిన్నదే భోజనమని ఆమె లెక్క. అది ఆమె తిండిపోతుతనం కాదు, ఆ ఇంట్లో బియ్యం కొలవకుండా పోయడం, ఇల్లాలు చివర తినడం అన్న రెండు అలవాట్ల ఫలితం. "ఇంటిది" అని రాసుకున్నాం. పరిష్కారం కూడా ఇంటిదే అయింది: బియ్యం కొలిచి పోయడం, ఆమె అందరితో పాటు కూర్చుని తినడం, మిగిలిన గిన్నెలు సర్దే పని మా బావగారు తీసుకోవడం.

రెండు వారాల తరువాత లెక్కపెడితే చాలా ఇళ్లలో "నాది" అనుకున్నంత పెద్దగా ఉండదు. అలాగని చిన్నదీ కాదు. మూడింటిలో దేన్నీ దాచుకోకుండా రాయడమే నిజాయితీ. అంతా బయటివారి మీదికి నెట్టేసే పుస్తకం, అంతా తన మీదే వేసుకునే పుస్తకం, రెండూ పనికిరావు.

మూడో పని: వంటగది

ఇక్కడే ఎక్కువ ఫలితం ఉంది కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

నూనెతో మొదలుపెట్టండి. ఒక చిన్న త్రాసు కొని, ఒక ఆదివారం మామూలుగా వంట చేస్తూ నూనె ప్యాకెట్‌ను వంటకు ముందు, తరువాత తూచండి. మేము గుత్తి వంకాయ కూర చేసిన రోజు తూచాం. మూల కత్తిరించిన ప్యాకెట్‌ను మూకుడు మీదికి వంచితే సన్నని ధార పడుతుంది. అది చూస్తే రెండు చెంచాలే పోసినట్టుంటుంది. తూస్తే 110 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున అది దాదాపు వెయ్యి కేలరీలు. నలుగురున్న ఇల్లు, తలా 27 గ్రాములకు కాస్త పైనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్లేనికి రోజు మొత్తానికి చూపిన నూనె దాదాపు అంతే. అంటే ఒక్క కూరతోనే ఆ రోజు వాటా అయిపోయింది. పొద్దుటి దోసె, పప్పులో పోపు, సాయంత్రం పకోడీ అన్నీ అప్పుమీద నడిచినట్టే.

దీన్ని అదుపులో పెట్టే తేలిక పద్ధతి నెలకు కొలత. నలుగురికి నెల వాటా సుమారు మూడున్నర లీటర్లు వస్తుంది. ప్రతి ప్యాకెట్ మీద విప్పిన తేదీ పెన్నుతో రాయండి. లీటరు ప్యాకెట్ ఎనిమిది రోజులు వస్తే మీరు వాటాలో ఉన్నట్టు. అయిదు రోజులకే ఖాళీ అవుతుంటే ఎక్కడ పోతోందో చూడాలి. అయిదు లీటర్ల డబ్బా కొనే ఇళ్లలో ఈ లెక్క తెలియదు, అందుకే డబ్బా మానడం మేలు. ప్యాకెట్ నుంచి నేరుగా మూకుట్లో పోయకుండా, పొద్దున్నే ఆ రోజు వాటాను ఒక చిన్న గిన్నెలోకి తీసి పొయ్యి పక్కన పెట్టుకోండి. వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం ఎలాగూ మంచిది కాదు.

మన ఇళ్లలో నూనె ఇంత ధారాళం కావడానికి చరిత్ర ఉంది. గానుగ నూనెను సీసాలో పావుసేరు చొప్పున తెచ్చుకున్న ఇళ్లలో గరిటె నింపడానికి చెయ్యి వచ్చేది కాదు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచాక వంటనూనె చవకయింది; ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. బజ్జీల బండి, బేకరీ, చిప్స్ ప్యాకెట్, అన్నిటి వెనుకా ఆ చవక నూనె ఉంది. ప్రధానమంత్రి 2025 ఫిబ్రవరిలో రేడియో ప్రసంగంలో ప్రతి ఇల్లూ నూనెను పది శాతం తగ్గించమని కోరారు. మంచి మాటే, ఇంటి వంతు అది. విధానాల వంతు ఆ పిలుపుతో తీరిపోదు.

ఇక అన్నం. తెలుగువారి పళ్లెంలో బియ్యాన్ని తిట్టడం ఈ మధ్య అలవాటైంది, ఆ పద్ధతి నాకు నచ్చదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైనప్పుడు అది కడుపు నిండని ఇళ్లకు నిజంగా అన్నం పెట్టింది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు; రోజుకు 200 గ్రాములు, ఇది అతి కాదు. లోటల్లా ఆ బియ్యం పక్కన ఉండవలసిన పప్పు, ఆకుకూర, గుడ్డు అదే ధరకు అందకపోవడంలో ఉంది. దానితో సాంబారు నీళ్లు, కారం, పచ్చడి నంజుకుని అన్నమే మూడుసార్లు పెట్టుకుంటాం. భారత వైద్య పరిశోధన మండలి చేసిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అదే అధ్యయనం 2025లో ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది: తెల్లన్నం మానేసి, మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా, గోధుమ పిండికో చిరుధాన్యాల పిండికో మారినంత మాత్రాన మధుమేహ ముప్పు తగ్గలేదు, పిండిపదార్థంలో కొంత తీసి ఆ చోట పప్పు, పాల వంటి వాటి మాంసకృత్తులు చేరిస్తే తగ్గింది. కొర్రలు, జొన్నరొట్టె, రాగి సంగటి మంచివే, కానీ అన్నం మానేశానన్న ధైర్యంతో నాలుగు రొట్టెలు తింటే లెక్క మారదు.

చేయవలసినది ఇది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు నిండా పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. ఎందరికి ఎన్ని కప్పులో ఒకసారి నిర్ణయించుకుని, ఆ కప్పును బియ్యం డబ్బాలోనే ఉంచండి. వడ్డనలో ముందు కూర, పప్పు పళ్లెంలో సగానికి పరిచి, తరువాత అన్నం పెట్టండి. ముద్దపప్పు ఒక గరిటె పెరిగితే అన్నం రెండో మారు అడగబుద్ధి కాదు. పొద్దుటి పూట ఉప్మా, పూరీ వారానికి ఎన్నిసార్లో చూసుకుని, వాటిలో రెండు రోజులు పెసరట్టుకో ఉడికించిన శనగలు, గుడ్లకో ఇవ్వండి.

చక్కెర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రెండేసి చెంచాలతో నాలుగు టీలు తాగితే అదొక్కటే 32 నుంచి 40 గ్రాములు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నెలలో నాలుక అలవాటు పడుతుంది, ఒక్కరోజులో మానేస్తే పడదు.

ప్యాకెట్ తిండి కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకుండా వెనక్కి తిప్పండి. దినుసుల పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాసి ఉంటాయి. మొదటి మూడింటిలో శుద్ధిచేసిన గోధుమ పిండి అంటే మైదా, చక్కెర, పామోలిన్ ఉంటే, పైన "రాగి", "మల్టీగ్రెయిన్", "డైజెస్టివ్" అని ఎంత పెద్ద అక్షరాలున్నా అది మైదా బిస్కెట్టే. ఇంట్లో కొని పెట్టుకుని తినకుండా ఉండడం కంటే దుకాణంలో కొనకుండా రావడం ఎన్నో రెట్లు సులువు. నిగ్రహం నెలకొకసారి పచారీ జాబితా రాసేటప్పుడు చూపితే చాలు, రోజూ రాత్రి పదింటికి డబ్బా ముందు చూపనక్కరలేదు.

నడక, నిద్ర

70 కిలోల మనిషి అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 140 కేలరీలు, అంటే పదహారు గ్రాముల నూనె. బరువు తగ్గడం ఎక్కువగా వంటగదిలోనే జరుగుతుంది. తగ్గినదాన్ని నిలబెట్టడానికి, పొట్ట కొవ్వుకు, గుండెకు, మనసుకు నడక కావాలి. వారానికి 150 నిమిషాలు లక్ష్యం. భారతీయ మహిళల్లో 57 శాతం మంది ఈ మాత్రం కదలిక కూడా లేనివారేనని 2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా చెప్పింది. ఉదయం ఆరింటికి పార్కుకు వెళ్లగల ఇల్లాలు ఎవరు? ఆ సమయంలో టిఫిను, క్యారియర్లు ఎవరు సర్దుతారు? ఆ ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరికిన రోజునే ఆమె నడక మొదలవుతుంది. నిద్ర ఏడు గంటలకు తగ్గుతూ ఉంటే, రాత్రి షిఫ్టులుంటే ఆకలి పెరగడం సహజం, దాన్ని కూడా పుస్తకంలో రాయండి.

మాట ఎలా ఉండాలి

"కాస్త ఒళ్లు చేశావు" అన్నది ఒకప్పుడు మెచ్చుకోలు. ఇప్పుడు పెళ్లిపందిట్లో అదే మాట పదిమంది ముందు ఆడపిల్లను కుంగదీస్తోంది. బరువు గురించి ఎగతాళి పడినవారు వ్యాయామానికి, వైద్యుడికి దూరమవుతారే తప్ప సన్నబడరు. ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి: శరీరం గురించి మాట్లాడవద్దు, ఏర్పాటు గురించి మాట్లాడవచ్చు. "ఎంత లావయ్యావో చూసుకున్నావా" అనకుండా "రేపటి నుంచి ఎనిమిదింటికే భోజనాలు పెట్టుకుందాం, కూరగాయలు నేను తరిగిపెడతాను" అనండి. రెండో మాట అన్నవారు తమ వంతు కూడా తీసుకున్నారు, తేడా అక్కడుంది.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బరువున్న పిల్లవాడికి ఒక వంట, తమ్ముడికి మరో వంట పెట్టకూడదు. అందరికీ ఒకే వంట, ఒకే నియమం. అత్తగారింటికో అమ్మమ్మ ఇంటికో వెళ్లినప్పుడు "మా వాడికి పెట్టకండి" అని పదిమందిలో అనడం కంటే, ముందుగా ఫోను చేసి "అత్తయ్యా, ఈసారి అరిసెలు రెండే చేయండి, జామకాయలు ఎక్కువ కోయించండి" అని చెప్పుకోవడం మేలు. వడ్డించేవారి మనసు నొప్పించకుండా కాదనడానికి మనకు మర్యాదైన మార్గం ఉండనే ఉంది: విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "కడుపు నిండిందమ్మా, కాస్త మజ్జిగ పోయండి" అనడం. ఏదో ఒకటి అడిగి పుచ్చుకుంటే పెట్టేవారికీ తృప్తి.

బయటి వంతును అడిగి రాబట్టడం

పుస్తకంలో "బయటిది" అని రాసుకున్నవాటిని అక్కడే వదిలేస్తే ఈ పని సగంలో ఆగినట్టే. ఒక్కొక్కదానికీ అడగవలసిన చోటు ఉంది.

బడితో మొదలుపెట్టండి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి క్యాంటీనులోనూ, బడి గేటుకు 50 మీటర్ల లోపునా అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన చేసింది. పిల్లలు చూసేలా చక్కెర మోతాదుల బోర్డు పెట్టాలని సీబీఎస్ఈ 2025 మేలో తన బడులను ఆదేశించింది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండు నిబంధనలను తేదీలతో సహా రాసిన ఒక కాగితం, పదిమంది సంతకాలతో, ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. గేటు దగ్గర బండి పెట్టుకున్నవారితో తగవు పడకండి; అది వారి పొట్టకూడు. ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న, పండ్ల ముక్కలు అమ్మితే కొంటామని చెప్పి, నిజంగా కొనండి.

ఆఫీసులో క్యాంటీను ఒప్పందం ఎప్పుడు కొత్తది రాస్తారో కనుక్కుని, అంతకు నెల ముందు అడగండి: రోజూ ఒక ఆకుకూర పప్పు, చక్కెర కలపని టీ, సమావేశాల్లో బిస్కెట్ల చోట శనగలు. పెద్ద కోరికలు కావు, అందుకే ఒప్పుకుంటారు. కాలిబాట విషయంలో మీ వీధిలో అది ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ వాహనాలు ఆక్రమించాయో ఫోటోలు తీసి పురపాలక సంఘానికి ఫిర్యాదు ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య దాచుకోండి.

ఒక్కరు గట్టిగా నిలబడితే విధానం కూడా కదులుతుందనడానికి మన హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్, విరేచనాలతో వచ్చే పిల్లలకు తల్లిదండ్రులు ఓఆర్ఎస్ అని రాసి ఉన్న తియ్యటి పానీయాలు పట్టిస్తున్నారని గమనించి, ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌కు ఇచ్చిన సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. 2025 అక్టోబరులో ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. డబ్బా మీద అక్షరాలు నమ్మి కొన్న తల్లిని బాధ్యత లేనిదని ఎవరనగలరు? చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు ఎక్కువున్న ప్యాకెట్ల ముందువైపునే నల్లని హెచ్చరిక ముద్ర తప్పనిసరి. అటువంటి ముద్ర మన ప్యాకెట్ల మీద రావాలని అడగడం కూడా పౌరుడిగా మన వంతే; ఆహార భద్రత సంస్థ ముసాయిదాల మీద అభిప్రాయాలు పిలిచినప్పుడు సామాన్యులూ రాయవచ్చు.

మూడు నెలలకు మళ్లీ టేపు

ప్రతి రోజూ బరువు చూసుకోవద్దు. వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున చాలు. నడుము నెలకొకసారి. ఉన్న బరువులో 5 శాతం, అంటే 80 కిలోలకు 4 కిలోలు తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర మెరుగుపడతాయి. పెళ్లినాటి ఫోటోలోని నడుమును లక్ష్యంగా పెట్టుకోనవసరం లేదు. మూడు నెలల తరువాత నోటుపుస్తకాన్ని మళ్లీ రెండు వారాలు రాసి, పాతదాని పక్కన పెట్టి చూడండి. "ఇంటిది" అన్న గడి చిన్నదై, నడుము తగ్గితే అదే దారిలో సాగండి. గడి చిన్నదైనా నడుము కదలకపోతే, తినడంలో ఎక్కడ దొంగతనం జరిగిందా అని వెతకకుండా పుస్తకం పట్టుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఇప్పుడు వారానికొకసారి వేసుకునే ఇంజక్షన్లతో సహా మందులు, తీవ్రమైన ఊబకాయానికి శస్త్రచికిత్స ఉన్నాయి. వాటిని వైద్యుడి పర్యవేక్షణలో తీసుకోవడం ఓటమి కాదు, రక్తపోటుకు మాత్ర వేసుకోవడం లాంటిదే. ఇవి మందుల దుకాణంలో అడిగి సొంతంగా మొదలుపెట్టేవి మాత్రం కావు.

అక్క నడుము మూడు నెలల్లో తగ్గింది మూడు సెంటీమీటర్లు. నాలుగో నెలలో అత్తగారి అనారోగ్యంతో నడక ఆగిపోయి ఒక సెంటీమీటరు మళ్లీ పెరిగింది. ఆ నెల పుస్తకంలో పక్క గడిలో ఆమె తన చేత్తో "ఇంటిది" అని రాసుకుంది. మర్నాటి నుంచి సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు అత్తగారి దగ్గర కూర్చునే పని పెద్ద కొడుకు తీసుకున్నాడు.